పేరు చివర చెప్పండి: హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు కవిత, అలంకారాలు

పదో తరగతి పిల్లవాణ్ని అర్ధరాత్రి లేపి సిమిలీ అంటే ఏమిటని అడిగినా తడుముకోకుండా చెప్పేస్తాడు. ‘లైక్’, ‘యాజ్’ ఉంటే సిమిలీ, లేకపోతే మెటఫర్. ఆ రెండు మాటల కోసం కవితంతా గాలిస్తాడు, దొరికిన చోట గీత గీస్తాడు, ఒక మార్కు వేయించుకుంటాడు. ఆ పోలిక అక్కడ ఏం పని చేస్తోంది, తీసేస్తే ఏం పోతుంది అని అడగండి, నేలచూపులు చూస్తాడు. వాడి తప్పేమీ లేదు. పేరు ముందు చెప్పి, నిర్వచనం రాయించి, ఉదాహరణ కోసం కవితను తెరిస్తే ఏ పిల్లవాడైనా అలాగే చదువుతాడు.

నేను ఒంగోలుకు, సముద్రానికి మధ్య ఉన్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతాను. మా పిల్లల్లో కొందరి తండ్రులు వేటకు వెళతారు, కొందరు రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉంటారు, హైవే అవతలి ఊళ్ల నుంచి వచ్చేవాళ్ల ఇళ్లలో పొగాకు సాగు. వాళ్లకు బడి బయట ఇంగ్లీషు వినపడేది ఫోన్లోనే. ఇలాంటి తరగతికి పనికొచ్చే పద్ధతిని రాస్తున్నాను. పెద్ద ఫీజులు కట్టే పిల్లలకు కూడా ఇది పనికిరాకపోదు గాని, వాళ్ల సంగతి వాళ్ల టీచర్లు చూసుకుంటారు.

పద్ధతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, అలంకారం పేరు అన్నిటికంటే చివర రావాలి. ముందు చెవికి వినిపించాలి. తర్వాత కంటికి బొమ్మ కట్టించాలి. ఆ తర్వాత ఆ అలంకారాన్ని కవితలోంచి తీసేసి, మిగిలింది చదివి వినిపించాలి. ‘చప్పగా అయిపోయింది మేడం’ అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు చెప్పండి పేరు.

మొదటి కవిత పొట్టిగా ఉండాలి

పాఠ్యపుస్తకంలో మొదట వచ్చిన కవితతోనే మొదలుపెట్టాలని ఎవరూ శాసనం రాయలేదు. ఇంగ్లీషు కవి టెన్నిసన్ గద్ద మీద రాసిన కవిత ఒకటుంది, 1851లో అచ్చయింది, మొత్తం ఆరే పాదాలు. నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాసినా పూర్తిగా పడుతుంది. ఒక గద్ద కొండ అంచును పట్టుకుని నిలబడుతుంది, కింద సముద్రం ఉంటుంది, అది చూస్తూ ఉండి పిడుగులా కిందికి పడుతుంది. కథ అంతే. ఆ ఆరు పాదాల్లోనే ఒక సిమిలీ, ఒక పర్సానిఫికేషన్ (మనిషి కానిదాన్ని మనిషిలా చెప్పడం), ఒకటి రెండు మెటఫర్లు, ఒక హైపర్‌బొలీ (ఉన్నదాన్ని పెంచి చెప్పడం), చెవికి కొట్టొచ్చినట్టు వినపడే ఎలిటరేషన్ (ఒకే శబ్దం వరుస మాటల్లో మళ్లీ మళ్లీ రావడం) ఉన్నాయి. మొదటి మూడు పాదాలకు ఒక రైమ్, తర్వాతి మూడింటికి మరొకటి.

మొదటి పీరియడ్‌లో పెన్ను ముట్టుకోనివ్వకండి. కవి పుట్టిన సంవత్సరం, బిరుదులు, ఇతర రచనలు ఏవీ చెప్పకండి. అవి చెప్పారంటే చాలు, తరగతి మొత్తం తలలు వంచుకుని రాసుకోవడంలో పడిపోతుంది, ఇక ఆ రోజు కవితను ఎవరూ వినరు. పుస్తకాలు మూయించి మీరు చదవండి. ఒకసారి నెమ్మదిగా, ఒకసారి మామూలుగా. చదివాక ‘ఏం అర్థమైంది’ అని అడగవద్దు. ఆ ప్రశ్నకు తెలివైన పిల్లలు ముగ్గురే చేతులెత్తుతారు. ‘ఏం వినపడింది’ అని అడగండి. దీనికి అందరూ చెబుతారు.

మా తరగతిలో వెంటనే వచ్చే జవాబు, ‘క క అని వచ్చింది మేడం’. నిజమే, మొదటి పాదంలోనే క్లాస్ప్స్, క్రాగ్, క్రుకెడ్ అనే మూడు మాటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ మూడింటినీ పిల్లల చేత పైకి అనిపించండి. అంటూ ఉండగా గొంతు దగ్గర ఏమవుతోందో చూసుకోమనండి. నాలుక వెనక భాగం పైకి లేచి పట్టుకుంటుంది, వెంటనే వదులుతుంది. గద్ద గోళ్లు రాతిని పట్టుకునే పాదంలో నోరు కూడా పట్టుకునే పని చేస్తోందని వాళ్లంతట వాళ్లే కనిపెడితే సరే, లేకపోతే మీరు అందించండి. దీన్ని శాస్త్రంగా బోధించనక్కర్లేదు. ‘క’ వచ్చిన ప్రతిచోటా పట్టుకోవడమే ఉంటుందని చెప్పకండి. ఈ పాదంలో ఉంది, అంతవరకే.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, ముందే సిద్ధంగా ఉండండి. తెలుగులో రాసిందే పలుకుతాం కాబట్టి మన పిల్లలు శబ్దాన్ని కంటితో వెతుకుతారు. ఇంగ్లీషులో ‘సిటీ’, ‘క్యాట్’ ఒకే అక్షరంతో మొదలవుతాయి, శబ్దం వేరు. ‘ఫోన్’, ‘ఫిష్’ వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి, శబ్దం ఒకటే. ఈ నాలుగు మాటలనూ బల్ల మీద రాసి, ఏ రెండు జతో చెప్పమనండి. కళ్లు మూసుకుని చెప్పమంటే సరిగ్గా చెబుతారు. ఎలిటరేషన్‌కు మనకున్న ఉదాహరణ మరీ దగ్గరిది. ‘విశ్వదాభిరామ వినుర వేమ’ అనని పిల్లవాడు లేడు. అందులో మూడు మాటలూ ‘వ’తోనే మొదలవుతాయని మాత్రం చాలామంది గమనించి ఉండరు.

సముద్రం పాకుతుందా

ఆ కవితలో నాలుగో పాదం దగ్గర ఆగండి. ముడతలు పడ్డ సముద్రం గద్ద కింద పాకుతోందని కవి అంటాడు. సముద్రం చూడని ఊళ్లో అయితే పిల్లలు తలూపి ఊరుకుంటారు. మా పిల్లలు ఊరుకోరు. కొత్తపట్నం ఒడ్డున పెరిగిన వాళ్లకు సముద్రం పాకడం ఏమిటి, మీద పడుతుంది, లాగుతుంది, పడవ తిరగేస్తుంది. ‘ఈయన సముద్రం చూడలేదు మేడం’ అని తీర్పు చెప్పేశారు ఒక ఏడాది.

ఆ తీర్పును కొట్టెయ్యకండి. అదే పాఠం. ‘సరే, ఎక్కడ నిలబడితే అల ముడతలా కనపడుతుంది’ అని అడగండి. కాసేపు గొడవ పడతారు. రామాయపట్నం దీపస్తంభం పైనుంచి, విమానంలోంచి, కొండ మీది నుంచి అంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతారు. ఆ ఎత్తుకు చేరాక అడగండి, కవితలో గద్ద ఎంత ఎత్తున ఉందో కవి ఎక్కడైనా చెప్పాడా? అడుగులు చెప్పలేదు, సూర్యుడికి దగ్గర అని అతిశయోక్తిగా మాత్రం అన్నాడు. ముడతలు, పాకడం, ఈ రెండు మాటలతో మనల్ని గద్ద పక్కన నిలబెట్టాడు. ఇప్పుడు ఆ రెండింటినీ చెరిపేసి, సముద్రం కింద చాలా దూరంలో ఉంది అని మామూలు ఇంగ్లీషు వాక్యం రాయండి. చదివించండి. ఎత్తు పోతుంది. ‘దూరం’ అన్న మాట ఉన్నా దూరం కనిపించదు. మెటఫర్ అనే పేరు ఈ క్షణంలో చెప్పాలి. ఒక్క నిమిషం ముందు కూడా కాదు.

చప్పట్లతో నడక

ఛందస్సు జోలికి వెళ్లాలా వద్దా అని చాలామంది అడుగుతారు. పేర్లతో వద్దు, చప్పట్లతో వెళ్లండి. మన పిల్లలు ఇంగ్లీషు కవితను రెండే రకాలుగా చదువుతారు. ఒకటి, వార్తలు చదివినట్టు అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో. రెండోది, తెలుగు పద్యంలా రాగం తీసి. రెండింటిలోనూ ఇంగ్లీషు నడక ఉండదు.

తెలుగు తరగతిలో గురువు, లఘువు గుర్తించడం వాళ్లకు వచ్చు. ఆ తెలివిని వాడుకోండి. మన పద్యంలో కొలిచేది కాలాన్ని, ఒక అక్షరం పలకడానికి ఎంతసేపు పడుతుందో. ఇంగ్లీషులో కొలిచేది నొక్కును, ఏ అక్షరం మీద బరువు పడుతుందో. ‘కంప్యూటర్’ అనమనండి, నొక్కు ఎక్కడుందో బల్ల మీద వేలితో కొట్టమనండి. రెండో ముక్క మీద. ‘ఎగ్జామినేషన్’లో ‘నే’ మీద. ‘టీచర్’లో మొదటి దాని మీద. పిల్లల పేర్లతో చేయించకండి, ఇంగ్లీషులో మన పేర్లు ఎలా నొక్కుతారో అన్న వెటకారంలోకి పోతుంది తరగతి. ఇరవై మాటలు అయ్యాక గద్ద కవితకు రండి. పాదానికి నాలుగు దెబ్బలు. మామూలుగా తేలిక, బరువు, తేలిక, బరువు అని నడుస్తుంది. రెండో, మూడో పాదాలు మాత్రం బరువుతోనే మొదలవుతాయి. చప్పట్లు కొడుతున్న తరగతి అక్కడ తడబడుతుంది. తడబడనివ్వండి. నడక మారిన చోట ఆగి చూడటం అలవాటైతే చాలు, ఆ తేలిక-బరువు నడకకున్న అయాంబిక్ అన్న పేరు కాలేజీలో నేర్చుకుంటారు.

మన తీరం మీది కవిత

ఆరు పాదాల తర్వాత కొంచెం పెద్దది కావాలి. సరోజినీ నాయుడు కోరమాండల్ జాలర్ల మీద రాసిన కవితకు మించింది మన జిల్లాలకు దొరకదని నా అభిప్రాయం. 1905లో ఆమె మొదటి కవితా సంపుటి ‘ది గోల్డెన్ థ్రెషోల్డ్’లో వచ్చింది. మూడు చరణాలు, ఒక్కోదానికి నాలుగు పొడవైన పాదాలు. కోరమాండల్ అన్నది మా పిల్లలకు రైలు పేరుగానే తెలుసు, మన ఊళ్ల పక్కన పట్టాల మీద ఆగకుండా దూసుకుపోయే రైలు. కృష్ణ సముద్రంలో కలిసే చోటు నుంచి దక్షిణంగా సాగే తీరం పేరది అని, అంటే తాము రోజూ నడిచే ఇసుకే అని తెలిసినప్పుడు వెనక బెంచీ కూడా ముందుకు వంగుతుంది.

మొదటి చరణంలో తెల్లవారుతోంది, లేవండి అన్నల్లారా అని పిలుపు. గాలి ఎలా ఉందో చెప్పడానికి ఆమె అంటుంది, రాత్రంతా ఏడ్చి ఏడ్చి నిద్రపోయిన బిడ్డలా గాలి తెల్లవారుజాము చేతుల్లో పడుకుంది అని. దీనికి తీసివేత పరీక్ష పెట్టండి. ‘తెల్లవారింది, గాలి లేదు’ అని రాసి, ఏం పోయిందో చెప్పమనండి. ముద్దు పోయింది అంటారు, అమ్మ పోయింది అంటారు. అన్నీ రాయండి బల్ల మీద. వేటకు వెళ్లే ఇంటి పిల్లవాడొకడు చెప్పిన జవాబు నేను ఏ గైడులోనూ చూడలేదు: ‘రాత్రంతా ఏడ్చిందంటే రాత్రంతా గాలి కొట్టిందని మేడం. అందుకే రాత్రి పడవ దించలేదు. ఇప్పుడు తగ్గింది కాబట్టి లేవమంటున్నారు.’ కవితలో ఆ పిలుపు ఎందుకు వచ్చిందో ఆ ఒక్క పోలికలో ఉంది. ఎం.ఏ. చదివిన నాకంటే వాడికి ముందు కనపడింది, ఎందుకంటే గాలి తగ్గడం కోసం ఎదురుచూసే ఇల్లు వాడిది.

తర్వాత, తుళ్లిపడే సంపద అంటుంది ఆమె, అలల్లోని సంపద. ‘ఫిష్’ అన్న మాట అక్కడ లేదు. వేటకు పోయే మాట చెబుతూ చేప పేరెత్తలేదేమని అడగండి. రెండో చరణంలో సముద్రం మాకు తల్లి, మేఘం సోదరుడు, అలలు స్నేహితులు అంటారు జాలర్లు. తుపానును జుట్టు పట్టుకుని ఆపేవాడు మమ్మల్ని తన గుండెల్లో దాచుకుంటాడని కూడా అంటారు. తుపానుకు జుట్టు ఉండటం మా వాళ్లకు విపరీతంగా నచ్చుతుంది. ఏ జుట్టు, ఎవరు పట్టుకున్నారు, బొమ్మ వేయండి అంటే చాలు, ఆ రోజు డ్రాయింగ్ పీరియడ్ అయిపోతుంది. అవనివ్వండి. బొమ్మ వేసినవాడు ఆ పాదం మరిచిపోడు.

చెవికి కూడా ఇందులో బోలెడు పని ఉంది. పాదాల చివర రైమ్ ఎలాగూ ఉంది. పాదం మధ్యలో కూడా ఉంది. మొదటి పాదంలోనే ‘రైజ్’, ‘స్కైజ్’. రెండు మాటల స్పెల్లింగు వేరు, కంటితో చూసేవాడికి దొరకవు, విన్నవాడికి వెంటనే దొరుకుతాయి. రెండో చరణంలో ‘డిలే’, ‘అవే’, ఆ వెంటనే ‘మదర్’, ‘బ్రదర్’. మూడో చరణంలో ‘షేడ్’, ‘గ్లేడ్’. వీటిని వెతికే పోటీ పెట్టండి, కాని పుస్తకం చూడకుండా. మీరు చదువుతూ ఉంటే జత వినపడ్డప్పుడు చెయ్యెత్తాలి.

‘ఇప్పుడు ఎవరూ తెడ్డు వేయరు మేడం, ఇంజను ఉంది’ అని కూడా అంటారు. మంచి మాట. అయితే చివరి పాదంలో ‘రో’ అన్న మాట అటొకసారి, ఇటొకసారి వచ్చి మధ్యలో అన్నదమ్ముల పిలుపు వస్తుంది. తెడ్డు పడటం, లాగడం, మళ్లీ పడటం. ఆ చోట ఇంజను పెట్టి రాయమనండి. నడక ఎలా మారిందో చప్పట్లు కొట్టి చూసుకోమనండి. ఒక అమ్మాయి ‘డుగుడుగు’ అని రాసింది. బ్రహ్మాండంగా ఉంది.

తెలుగు మాస్టారిని పిలవండి

ఇంత జరిగాక పేర్ల పట్టిక వేయాలి. ఆ రోజు తెలుగు మాస్టారిని సగం పీరియడ్ కోసం బతిమాలండి. పిల్లలకు ఉపమాలంకారంలో నాలుగు భాగాలు ఆయన ఎప్పుడో నేర్పి ఉంటారు. ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం. ఇంగ్లీషు పుస్తకాల్లో సిమిలీకి ఇంత శుభ్రమైన విభజన నేను చూడలేదు. గాలి పోలికను ఆ నాలుగు గళ్లలో వేయించండి. గాలి ఉపమేయం. బిడ్డ ఉపమానం. అలసి సొమ్మసిల్లి నిద్రపోవడం సమాన ధర్మం. ‘లైక్’ ఉపమావాచకం. మన పిల్లలు ఎప్పుడూ తప్పేది మూడో గడిలోనే. కేవలం ‘నిద్ర’ అని రాస్తారు. ఏడ్చి అలసిన నిద్ర అని రాసేదాకా వదలకండి. అలంకారం బలమంతా ఆ గడిలోనే ఉంటుంది.

సముద్రం మాకు తల్లి అన్నది రూపకం. ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేదని చెప్పడం. తుళ్లిపడే సంపద దగ్గర మాత్రం తెలుగు మాస్టారు మనకంటే సూక్ష్మంగా వెళతారు. అక్కడ ఉపమేయమైన చేప అసలు కనిపించదు, ఉపమానం ఒక్కటే ఉంది, కాబట్టి దాన్ని రూపకాతిశయోక్తి అంటారు ఆయన. ఇంగ్లీషులో రెండూ మెటఫర్లే. పరీక్షలో మెటఫర్ అని రాయమని చెప్పి, తేడా మాత్రం పిల్లల బుర్రలో ఉండనివ్వండి. చేప పేరు ఎందుకు ఎత్తలేదన్న మీ పాత ప్రశ్నకు జవాబు ఆ తేడాలోనే దొరుకుతుంది.

మిగతావి త్వరగా అయిపోతాయి. హైపర్‌బొలీ అతిశయోక్తి. ‘యాజ్ ఇఫ్’తో వచ్చే ఊహను మనం ఉత్ప్రేక్ష అంటే వాళ్లు మామూలుగా సిమిలీలోనే కలిపేస్తారు. ఎలిటరేషన్‌కు ఒకే హల్లు మళ్లీ మళ్లీ వచ్చే వృత్త్యనుప్రాస దగ్గర, అచ్చంగా అదే కాదు. పాదం చివరి రైమ్‌కు అంత్యానుప్రాస సరిపోతుంది. ప్రాసతో మాత్రం గందరగోళం తప్పదు. పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరంగా ఒకే హల్లు రావడం. ‘అప్పిచ్చువాడు వైద్యుడు’ పద్యం నాలుగు పాదాలూ చెప్పించి, రెండో అక్షరంగా ‘ప్పి’, ‘ప్పు’, ‘ప్ప’, ‘ప్ప’ ఎలా వచ్చాయో చూపించండి. మన కవి మొదట్లో కట్టేసిన ముడిని ఇంగ్లీషు కవి చివర కడతాడు.

పర్సానిఫికేషన్‌కు తెలుగు తరగతిలో మామూలుగా చెప్పే అలంకారాల్లో విడిగా పేరుండదు. దాని కోసం నేను దినపత్రికలను ఆశ్రయిస్తాను. పాత పేపర్లు తెప్పించి, శీర్షికలు కత్తిరించి నోట్సులో అంటించమంటాను. ముఖం చాటేసిన వరుణుడు, కోరలు చాస్తున్న డెంగీ, మొరాయించిన సర్వర్. కవిత్వం తమకు రాదనుకునే పిల్లలు ఈ భాషను పుట్టినప్పటి నుంచీ వింటున్నారు. సర్వర్ మొరాయించిందంటే సర్వర్‌కు ఏ జంతువు బుద్ధి వచ్చిందో చెప్పమనండి. అదే శీర్షికను ఇంగ్లీషులో రాయమనండి. మొదట వచ్చేవి ఘోరంగా ఉంటాయి, ఆ తర్వాత ఒకటి రెండు నిజంగా బాగుంటాయి. నాలుగు రోజులు గడిచేసరికి పిల్లలే కొత్తవి పట్టుకొస్తారు.

శబ్దాన్ని అనుకరించే మాటలను, అంటే ఆనమటోపియాను, తెలుగు పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు, జలజల, గలగల, టపటప, బొటబొట అని ఊపిరి తిరక్కుండా చెబుతారు. ఆ ఊపులో మిలమిల, నిగనిగ, తళతళ కూడా చేర్చేస్తారు. అవి శబ్దాలు కావు, వెలుగులు. వాటిని ఏరి పక్కన పెట్టించండి. ఐరనీ ఇంకా తేలిక. ఆలస్యంగా వచ్చిన వాడితో ‘అప్పుడే వచ్చేశావేం నాయనా, ఇంకాసేపు పడుకోకపోయావా’ అంటే తరగతి మొత్తం నవ్వుతుంది. ఆ నవ్వే నిర్వచనం. సింబల్ జోలికి తొమ్మిదో తరగతి దాటేదాకా పోకండి. ముందే చెబితే ప్రతి పువ్వూ ఆశకు, ప్రతి చీకటీ మరణానికి గుర్తయిపోతాయి, పిల్లలు పువ్వును పువ్వుగా చూడటం మానేస్తారు.

రైమ్ లేని కవిత ఒకటి మధ్యలో తప్పకుండా పెట్టండి. లేకపోతే రైమ్ ఉంటేనే కవిత అనుకుంటారు. 1916లో వచ్చిన అమెరికా కవి సాండ్‌బర్గ్ పొగమంచు కవిత చాలు, అదీ ఆరు పాదాలే. పొగమంచు చిన్న పిల్లి అడుగులతో వచ్చి, గొంతుక్కూర్చుని రేవునూ ఊరినీ చూసి, లేచి వెళ్లిపోతుంది. సంక్రాంతి ముందు, హైవే మీద లారీలు దీపాలు వేసుకుని నడిచే రోజుల్లో, మొదటి పీరియడ్‌లో చెప్పండి. కిటికీ బయట చూపిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

రాయించడం

అలంకారం వాడనివాడికి అలంకారం రాదు. కాబట్టి రాయించాలి. ముందు నిషేధాల జాబితా ప్రకటించండి. చందమామ, గులాబీ, నెమలి, సింహం, తేనె, అమ్మ మనసు. గైడుల్లో ఉండే సిమిలీల చిట్టాలన్నీ వీటితోనే నిండి ఉంటాయి. సింహం ధైర్యాన్ని మా పిల్లల్లో ఎవరూ చూడలేదు, రాత్రి వల లాగే నాన్న ధైర్యాన్ని చూశారు.

తర్వాత ఇలా చెప్పండి. బడికి వచ్చే దారిలోనో ఇంట్లోనో ఉన్న ఒక వస్తువును తీసుకోవాలి. మూడు పాదాలు మించకూడదు. వస్తువు పేరు ఎక్కడా రాకూడదు. పక్కవాడు చదివి అదేమిటో కనుక్కోవాలి. ఆఖరి షరతు ముఖ్యం. దానివల్ల పొడుపు కథ ఆట వస్తుంది, భయం పోతుంది. ఇంగ్లీషు మాట తట్టని చోట తెలుగు మాట రాసి గీత గీయవచ్చు, నిఘంటువు తర్వాత చూసుకోవచ్చు.

మా తరగతిలో వచ్చిన వాటిని తెలుగులో చెబుతాను. రొయ్యల చెరువు నీళ్లను తిప్పి గాలి కలిపే ఏరేటర్ల మీద ఒక అమ్మాయి రాసింది: ‘మా నీళ్లలో చక్రాలు రాత్రంతా మజ్జిగ చిలుకుతాయి, వెన్న మాత్రం అప్పులవాళ్లు తీసుకుపోతారు.’ పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ మీద ఒకబ్బాయి: ‘అది రాత్రీ పగలూ మేలుకునే ఉంటుంది, పచ్చగా తిని పసుప్పచ్చగా కక్కుతుంది.’ ఎండబెట్టిన చేపల మీద మరొకటి: ‘ఇసుకలో వరుసగా పడుకున్నాయి, ఒక్కటీ కన్ను మూయదు.’ ఇంగ్లీషులో వీటి వ్యాకరణం చూస్తే టెన్సులు తప్పు, ఆర్టికల్స్ అసలు లేవు. ఎర్రసిరా తీయకండి. మొదటి రాతలో బొమ్మ కట్టిన పాదం పక్కన ఒక చుక్క పెట్టి ఇచ్చేయండి. రెండో రాతలో బొమ్మలు కలగాపులగం అయ్యాయేమో చూడండి. మజ్జిగతో మొదలుపెట్టినవాళ్లు చివరికి యుద్ధంలో తేలకూడదు, చిలికితే వెన్నే రావాలి. మూడో రాతలో టెన్సులు దిద్దండి. అప్పటికి పిల్లలకు ఆ పాదం మీద మమకారం పుట్టి ఉంటుంది, దిద్దుతుంటే కోపం రాదు, శ్రద్ధగా చూస్తారు.

పరీక్ష సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. అలంకారం గుర్తించమన్న ప్రశ్నకు పేరు రాస్తే మార్కు వస్తుంది. వివరించమంటే మూడు చిన్న వాక్యాలు రాయడం అలవాటు చేయండి. దేన్ని దేనితో పోల్చారు, ఏ లక్షణంలో పోల్చారు, అందువల్ల మనకు ఏం కనపడింది. మూడోది రాసే పిల్లలు తక్కువ. పాదాన్ని చెరిపి చదివిన అలవాటున్న తరగతికి అది కష్టం కాదు.

ఇంకొక్క మాట, ప్రతి తరగతిలోనూ ఉండే ఆ ఐదారుగురి గురించి. తొమ్మిదికి వచ్చినా ఇంగ్లీషు పాదం కూడబలుక్కుని కూడా చదవలేనివాళ్లు. కవిత పీరియడ్ అంటే వాళ్లు కిటికీ పక్కకు జరుగుతారు. వాళ్లను వినేవాళ్లుగా నియమించండి. చప్పట్లు లెక్కపెట్టేది వాళ్లే, ‘రైజ్’కు జత వినపడగానే చెయ్యెత్తేది వాళ్లే, ఎవరు చదివినప్పుడు నడక తప్పిందో చెప్పేదీ వాళ్లే. స్పెల్లింగు అడ్డం లేదు కాబట్టి మా తరగతిలో రైమ్ జతలు అందరికంటే ముందు పట్టుకునేది ఈ బెంచీయే. జతలు పట్టుకున్నాక ఆ రెండు మాటలనూ వాళ్ల నోట్సులో మీరే రాసివ్వండి. మర్నాడు ఆ రెండింటినీ చదవమని అడగండి, రెండే.